సూరత్ కమిషనర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు: సంస్కరణకు ఎంత అధికారం కావాలి?

1995 మే నెల మొదట్లో గుజరాత్‌లోని సూరత్ నగరపాలక సంస్థకు కొత్త కమిషనర్ వచ్చారు. ఆయన ఎస్.ఆర్.రావు. పూర్తిపేరు సూర్యదేవర రామచంద్రరావు. 1978 బ్యాచ్, గుజరాత్ కేడర్ ఐఏఎస్ అధికారి. ఆ ఇంటిపేరును తెలుగువారికి పరిచయం చేయనక్కర్లేదు. అదే నెల 7న ఫ్రాన్స్ ఓటర్లు జాక్ షిరాక్‌ను ఏడేళ్ల కాలానికి దేశాధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఒకరిది ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు బదిలీ చేయగల ఉద్యోగం. మరొకరిది ప్రజాస్వామ్య దేశాల్లోకెల్లా బలమైన పదవుల్లో ఒకటి. పైగా పార్లమెంటులో ఆయన పక్షానికి తిరుగులేని మెజారిటీ ఉంది.

రెండేళ్లు గడిచేసరికి షిరాక్ ప్రతిష్ఠాత్మకంగా తలపెట్టిన సంస్కరణలో ప్రధాన భాగం వీధుల్లోనే ఆగిపోయింది. పార్లమెంటులో మెజారిటీ కూడా చేజారింది. ప్లేగు ఊరుగా ప్రపంచమంతా పేరు మోసిన సూరత్ మాత్రం దేశంలో రెండో పరిశుభ్ర నగరం అనిపించుకుంది. ఇది ఒక అధికారి ఘనత, ఒక అధ్యక్షుడి వైఫల్యం అన్నంత తేలిక వ్యవహారం కాదు. పైనున్న వ్యక్తి చేతిలో ఎంత అధికారం ఉంటే సంస్కరణ అంత సాగుతుందన్న నమ్మకం మన దగ్గరా గట్టిగానే ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి ఈ రెండు ఉదాహరణలూ పనికొస్తాయి.

ప్లేగు వచ్చే నాటికి సూరత్

పాఠ్యపుస్తకాల్లో సూరత్ అంటే 1907 డిసెంబరు. అధ్యక్షుడెవరన్న తగాదాలో మితవాదులు, అతివాదులు చెప్పులు విసురుకుని, కాంగ్రెస్‌ను రెండుగా చీల్చుకున్న చోటు. అంతకుముందు మొఘలుల కాలంలో అది పెద్ద రేవు పట్టణం. స్వాతంత్ర్యం తర్వాత వజ్రాల సాన, మరమగ్గాలు, కృత్రిమ నూలు చీరలు దాన్ని మళ్లీ లేపాయి. 1991 జనగణన నాటికి జనాభా 15 లక్షలు.

అందులో వలస వచ్చినవారు చాలామంది. ఒడిశాలోని గంజాం, మహారాష్ట్రలోని ఖాందేశ్, ఉత్తరప్రదేశ్, బిహార్‌లతో పాటు తెలంగాణ జిల్లాల నుంచీ మగ్గం పని తెలిసినవారు అక్కడికి చేరారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలకు భివండి, షోలాపూర్‌లలాగే సూరత్ కూడా బతుకుదెరువు చూపిన ఊరు. లింబాయత్ వైపు వెళితే తెలుగు బోర్డులు కనిపిస్తాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి.

మగ్గాలు పెరిగినంత వేగంగా మురుగు కాల్వలు పెరగలేదు. చెత్తలో పెద్ద భాగం వీధుల్లోనే మిగిలిపోయేది. 1994 వర్షాకాలంలో తాపి నది పొంగి పల్లపు బస్తీలను ముంచింది. నీళ్లు తీశాక బురద, పశువుల కళేబరాలు రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. సెప్టెంబరు మూడో వారంలో వేడ్ రోడ్డు ప్రాంతంలో జ్వరం, దగ్గు, రక్తపు కళ్లెతో మరణాలు మొదలయ్యాయి. న్యుమోనిక్ ప్లేగు అన్న మాట బయటికి రాగానే కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్లు, బస్సులు, లారీలు పట్టుకుని ఊరు వదిలారు. వారిలో ప్రైవేటు వైద్యులూ ఉన్నారు. టెట్రాసైక్లిన్ మాత్రల కోసం జనం ఎగబడ్డారు. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు ఆపేశాయి, మన సరుకుల దిగుమతినీ నిలిపేశాయి. దేశం మొత్తం మీద మరణాలు అరవై లోపే. భయం వల్ల జరిగిన నష్టం అంతకు ఎన్నో రెట్లు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సూరత్ పాలన చతికిలబడింది డబ్బు లేక కాదు. అప్పట్లో గుజరాత్ నగరాలకు ఆక్ట్రాయ్, అంటే ఊళ్లోకి వచ్చే సరుకు మీద వసూలు చేసే పన్ను, ప్రధాన ఆదాయం. బట్టల వ్యాపారం జోరుగా సాగే సూరత్‌కు ఆ ఆదాయానికి కొదవ లేదు. చట్టంలో అధికారాలూ ఉన్నాయి. ఉద్యోగులూ ఉన్నారు. పొద్దున్నే వీధిలోకి వచ్చి పని జరిగిందో లేదో చూసేవారే లేరు.

ఏసీ నుంచి డీసీకి

రావు వచ్చేనాటికి ప్లేగు తగ్గి ఏడెనిమిది నెలలు దాటింది. ఊరి ముఖం మాత్రం మారలేదు. ఆయన చేసిన మొదటి ముఖ్యమైన పని తన అధికారాన్ని పంచిపెట్టడం. నగరాన్ని ఆరు జోన్లు చేశారు. ఒక్కో జోన్‌కు ఒక్కో అధిపతి. పాలనపరంగా, ఖర్చుపరంగా కమిషనర్‌కు ఉండే అధికారాల్లో చాలా భాగం వారికి అప్పగించారు. గుంత పూడ్చాలన్నా, పైపు మార్చాలన్నా ఫైలు ప్రధాన కార్యాలయం దాకా వెళ్లనక్కర్లేకుండా పోయింది. దాంతోపాటు 'పైనుంచి అనుమతి రాలేదు' అని చెప్పుకునే వీలూ పోయింది. రెండోది మొదటిదాని కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

తర్వాతది 'ఏసీ నుంచి డీసీకి' అన్న నినాదం. ఏసీ గదుల్లోంచి రోజువారీ పనుల్లోకి, అంటే 'డైలీ చోర్స్'లోకి రమ్మని దాని అర్థం. కమిషనర్‌తో సహా పైస్థాయి అధికారులంతా ఉదయం 7 గంటలకల్లా వీధుల్లో ఉండాలి. మధ్యాహ్నం దాకా తిరిగి చూసినవాటిని ఆ రోజే అందరూ కూర్చుని సమీక్షించాలి. ఒక జోన్‌లో కుదిరిన ఉపాయం మరునాటికి మరో జోన్‌కు చేరేది. ఒక జోన్ వెనకబడితే ఆ సంగతి మిగతా ఐదుగురి ముందే బయటపడేది. ఉత్తర్వు కంటే తోటివారి ముందు తలవంపులే ఎక్కువ పని చేయించిందంటే ఆశ్చర్యం లేదు.

పారిశుధ్య కార్మికులకు ఎవరి వీధి ఎవరిదో గీత గీసి అప్పగించారు. ప్రధాన రహదారులను రాత్రిపూట ఊడవడం మొదలైంది. చెత్త తరలింపులో కొంత భాగం ప్రైవేటు లారీలకు ఇచ్చారు. వీధిలో చెత్త వేసిన దుకాణదారు దగ్గర 'పరిపాలనా రుసుము' పేరిట సొమ్ము వసూలు చేశారు. మళ్లీ దొరికితే అది రెట్టింపు. అపరిశుభ్రంగా ఉన్న హోటళ్లను మూయించారు. మురికివాడల్లో దారులకు రాళ్లు పరిచి, డబ్బిచ్చి వాడుకునే మరుగుదొడ్లు కట్టించారు. ఇవేవీ కొత్త ఆవిష్కరణలు కావు. ఏ మునిసిపాలిటీ నియమావళి తెరిచినా కనిపించేవే.

ఆక్రమణల తొలగింపు దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. మన నగరాల్లో ఈ పని సాధారణంగా బడ్డీకొట్లతో మొదలై బడ్డీకొట్లతోనే ముగుస్తుంది. రావు బృందం పలుకుబడి ఉన్నవారి అక్రమ కట్టడాలతో మొదలుపెట్టింది. పెద్దవాళ్ల గోడ మొదట పడితే చిన్నవాడికి చెప్పడానికి ఒక మాట ఉంటుంది. అధికారికి జనంలో ఒక నిల్వ ఏర్పడుతుంది, తర్వాత కఠినమైన పనులకు దాన్ని వాడుకోవచ్చు. 2024 జులైలో హైదరాబాద్‌లో ఏర్పడిన హైడ్రా చుట్టూ నడిచిన చర్చ కూడా చివరికి దీని దగ్గరికే వచ్చింది. చెరువు ఆక్రమణలు తొలగించాలా వద్దా అని అడిగినవారు తక్కువ. ఎవరి గోడ ముందు, ఎవరికి నోటీసు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అని అడిగినవారే ఎక్కువ.

సూరత్ కథను తియ్యగా మాత్రమే చెప్పడం సరికాదు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు పెద్ద భవనాలతో పాటు గుడిసెలూ పోయాయి, తోపుబండ్లూ పోయాయి. భవనం యజమాని ముందుభాగం పోగొట్టుకున్నా వెనకభాగంలో వ్యాపారం చేసుకోగలడు. బండి పోయినవాడికి వెనకభాగమంటూ ఉండదు. ప్లేగు రోజుల నుంచే ఈ నగరాన్ని గమనించిన సామాజిక శాస్త్రవేత్త ఘనశ్యామ్ షా 1997లో ప్రజారోగ్యం, పట్టణాభివృద్ధి కోణంలో ఒక పుస్తకమే రాశారు.

ఫలితం మాత్రం త్వరగానే కనిపించింది. అంతకుముందు సగం కూడా ఎత్తని చెత్తను తొంభై శాతానికి పైగా ఎత్తడం మొదలైంది. మలేరియా కేసులు బాగా తగ్గాయి. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తర్వాత సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా ప్రకటించింది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది. తర్వాతి కాలంలో ఆయన కేంద్ర వాణిజ్య శాఖ కార్యదర్శిగానూ పనిచేశారు.

కమిషనర్ అంటే చిన్న అధ్యక్షుడా?

పోలిక కొంత దూరం నిజంగానే నడుస్తుంది. సూరత్‌కు వర్తించే 1949 నాటి బొంబాయి ప్రొవిన్షియల్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వాహక అధికారమంతా కమిషనర్ చేతిలో పెట్టింది. మేయర్ పదవికి గౌరవం ఎక్కువ, అధికారం తక్కువ. కార్పొరేటర్ల సభ, స్టాండింగ్ కమిటీ బడ్జెట్‌నూ పెద్ద కాంట్రాక్టులనూ ఆమోదిస్తాయి. అత్యవసర పరిస్థితుల్లో కమిటీ అనుమతికి ఆగకుండా కమిషనర్ చర్య తీసుకుని తర్వాత నివేదించే వెసులుబాటు 67వ సెక్షన్‌లో ఉంది. రావు దాన్ని ధారాళంగా వాడారు. సభకూ ఒక ఆయుధం ఉంది. మొత్తం సభ్యుల్లో ఎనిమిదింట ఐదు వంతుల మంది తీర్మానిస్తే ప్రభుత్వం కమిషనర్‌ను వెనక్కి పిలవాలి.

1958లో జనరల్ డిగాల్ రాయించుకున్న ఫ్రాన్స్ అయిదో రిపబ్లిక్ రాజ్యాంగంలోనూ ఇలాంటి ఏర్పాటే కనిపిస్తుంది. అంతకుముందు నాలుగో రిపబ్లిక్‌లో నెలల వ్యవధిలో ప్రభుత్వాలు కూలుతుండేవి. ఆ విసుగు నుంచే బలమైన అధ్యక్షుడు పుట్టాడు. 1962 రెఫరెండంతో ఆయన నేరుగా ప్రజల ఓటుతో ఎన్నికయ్యే పద్ధతి వచ్చింది. ప్రధానిని నియమించడం, జాతీయ అసెంబ్లీని రద్దు చేయడం అధ్యక్షుడి చేతిలోనివి. 49వ అధికరణం మూడో నిబంధన ప్రధానికి మరో అస్త్రం ఇచ్చింది. ఓటింగ్ లేకుండానే బిల్లును ఆమోదింపజేసుకోవచ్చు. అసెంబ్లీకి నచ్చకపోతే అవిశ్వాస తీర్మానం పెట్టి ప్రభుత్వాన్నే దించాలి. దించలేకపోతే బిల్లు నెగ్గినట్టే. ఫ్రెంచి వారు దీన్ని 'నలభై తొమ్మిది మూడు' అని అంకెతోనే పిలుస్తారు. మన దగ్గర 356 అంటే చాలు కదా, అలాగన్నమాట.

షిరాక్ నుంచి మాక్రాన్ దాకా

1995 నవంబరు 15న షిరాక్ నియమించిన ప్రధాని ఆలాన్ జుప్పే సామాజిక భద్రతా వ్యవస్థను మార్చే ప్రణాళిక ప్రకటించారు. అందులో జనాన్ని మండించింది పింఛన్ల అంశం. రైల్వే వంటి ప్రభుత్వ రంగ ఉద్యోగులకు పూర్తి పింఛనుకు 37.5 ఏళ్ల చందా సరిపోయేది. ప్రైవేటు ఉద్యోగుల మాదిరే వారినీ 40 ఏళ్లకు పెంచాలన్నారు. మూడు వారాల పాటు రైళ్లు, మెట్రోలు నిలిచిపోయాయి. డిసెంబరులో పింఛన్ల భాగాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1997లో షిరాక్ ముందుగానే అసెంబ్లీని రద్దు చేసి ఎన్నికలకు వెళ్లి ఓడిపోయారు. మిగిలిన ఐదేళ్లూ సోషలిస్టు ప్రధాని లియొనెల్ జోస్పాన్‌తో సర్దుకుపోవాల్సి వచ్చింది.

అయితే జుప్పే ప్రణాళికలో ఒక భాగం నిలబడింది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. సామాజిక భద్రత పద్దును ఏటా పార్లమెంటు ముందు పెట్టి చట్టంగా ఆమోదించాలని 1996లో రాజ్యాంగ సవరణ చేశారు. దానికోసం ఎవరూ రోడ్డెక్కలేదు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

ఆ తర్వాత వచ్చిన అధ్యక్షులందరికీ పింఛన్లు గండంగానే ఉన్నాయి. ఇమ్మాన్యుయేల్ మాక్రాన్ హయాంలో అది పరాకాష్ఠకు చేరింది. పదవీ విరమణ వయసును 62 నుంచి 64కు పెంచే బిల్లును 2023లో తెచ్చారు. ఎనిమిది ప్రధాన కార్మిక సంఘాలు ఒక్కటై వ్యతిరేకించాయి. 2008 సవరణ తర్వాత 49.3ను బడ్జెట్, సామాజిక భద్రత పద్దులకు తప్ప మామూలు బిల్లులకు ఇష్టమొచ్చినన్ని సార్లు వాడే వీలు లేదు. అందుకే సంస్కరణను సామాజిక భద్రత పద్దు సవరణ బిల్లు రూపంలో పెట్టారు. అంటే జుప్పే వదిలివెళ్లిన పనిముట్టునే వాడుకున్నారు. మార్చి 16న ప్రధాని ఎలిజబెత్ బోర్న్ 49.3 ప్రయోగించారు. నాలుగు రోజులకు వచ్చిన అవిశ్వాస తీర్మానం కేవలం 9 ఓట్ల తేడాతో వీగింది. రాజ్యాంగ మండలి ప్రధానాంశాన్ని సమర్థించింది. ప్రతి మెట్టూ చట్టబద్ధమే. అయినా ఓటు వేయకుండానే తమ జీవితంలో రెండేళ్లు తీసుకున్నారన్న భావన జనంలో మిగిలిపోయింది.

2024 జూన్ 9న మాక్రాన్ అసెంబ్లీని రద్దు చేశారు. ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు, సభ మూడు ముక్కలైంది. అదే ఏడాది డిసెంబరు 4న మిషెల్ బార్నియే ప్రభుత్వం, 2025 సెప్టెంబరు 8న ఫ్రాన్స్వా బేరూ ప్రభుత్వం కూలిపోయాయి. తర్వాత ప్రధాని అయిన సెబాస్టియన్ లెకోర్ను తన ప్రభుత్వాన్ని నిలబెట్టుకోవడానికి సోషలిస్టుల మద్దతు కోరక తప్పలేదు. అక్టోబరు 14న ఆయన 2027 అధ్యక్ష ఎన్నికల దాకా పింఛను సంస్కరణను నిలిపివేస్తామని ప్రకటించారు.

ఇప్పుడు సూరత్ వైపు చూడండి. రావు కమిషనర్‌గా ఉన్న రెండున్నరేళ్లలో గాంధీనగర్ పరిస్థితి నేటి పారిస్ కంటే మెరుగేమీ కాదు. ఆయన వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కేశుభాయ్ పటేల్. శంకర్‌సింహ్ వాఘేలా తిరుగుబాటుతో 1995 అక్టోబరులో సురేశ్ మెహతా వచ్చారు. 1996లో రాష్ట్రపతి పాలన, ఆ వెంటనే వాఘేలా, 1997 అక్టోబరులో దిలీప్ పారిఖ్. పారిస్‌లో ప్రధానులు మారుతుంటే సంస్కరణ ఆగింది. గాంధీనగర్‌లో ముఖ్యమంత్రులు మారుతున్నా సూరత్ వీధులు ఊడవడం ఆగలేదు. రావు బదిలీ అయ్యాక కమిషనర్‌గా వచ్చిన ఎస్. జగదీశన్ జోన్లనూ రోజువారీ సమీక్షలనూ కొనసాగించారు.

తేడా ఎక్కడ?

మొదటిది, ఫలితం చేతికందే వేళ. చెత్త ఎత్తితే మర్నాడు పొద్దున తెలుస్తుంది. పింఛను సంస్కరణలో నష్టం నేడు, లాభం ఇరవై ఏళ్ల తర్వాతి ఖజానాకు. ఏ నాయకుడి మాటకారితనమూ ఈ తేడాను పూర్తిగా చెరపలేదు. ఆ మేరకు మాక్రాన్‌నూ రావునూ ఒకే త్రాసులో పెట్టడం అధ్యక్షుడికి అన్యాయమే. పైగా రావు ఎన్నడూ ఓటు అడగనక్కర్లేదు. సూరత్ ప్రజలకు ప్లేగు భయం గుర్తుంది, కాబట్టి కఠినత్వాన్ని ఓర్చుకున్నారు. ఫ్రాన్స్ పౌరుడికి పింఛను నిధి లోటు ఒక అంకె మాత్రమే. అది జ్వరంగా ఒంటికి తగలదు.

అయినా రెండో తేడా మిగిలే ఉంటుంది. రావు తన అధికారాన్ని ఆరు చోట్ల నాటారు. జోన్ అధికారికి ఖర్చు చేసే స్వేచ్ఛ వచ్చింది, ఊడ్చే కార్మికుడికి తన వీధి తెలిసింది, ఫిర్యాదు చేసే మనిషికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసింది. ఆ అలవాటు ఏర్పడ్డాక దాన్ని రద్దు చేయాలంటే కొత్త కమిషనర్ ప్రత్యేకంగా శ్రమపడాలి. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాత్రం సంస్కరణ బరువంతా తన పదవి మీదే మోశాడు. కార్మిక సంఘాలను ఒప్పించే పని మధ్యలో ఎవరికీ అప్పగించలేదు. ప్రధాని ఉన్నా ఆయన అధ్యక్షుడి నీడగానే కనిపిస్తాడు. మోసే మనిషి తూలినప్పుడు సంస్కరణా తూలింది. నిలిచింది 1996 నాటి పద్దు పద్ధతి ఒక్కటే. అది వ్యక్తికి కాక పార్లమెంటు క్యాలెండర్‌కు ముడిపడి ఉంది.

మన అనుభవమూ దీన్నే చెబుతుంది. అదే 1995లో, సెప్టెంబరు 1న, చంద్రబాబు నాయుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆకస్మిక తనిఖీలు, వీధుల్లో పారిశుధ్యం, జన్మభూమి. ఆ తొలి రోజుల ఊపు చూసినవారికి సూరత్ కథ పరాయిదిగా అనిపించదు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. విద్యుత్ బోర్డును విడగొట్టారు, నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో ఛార్జీల పెంపు మీద ఆందోళన రేగింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు జరిగాయి. 2004లో ఆయన ఓడిపోయారు. గెలిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీద పెట్టారు. కానీ విడగొట్టిన సంస్థలను ఎవరూ మళ్లీ కలపలేదు. నియంత్రణ మండలి రెండు రాష్ట్రాల్లోనూ నేటికీ ఏటా విచారణలు జరుపుతోంది. ఛార్జీ రాజకీయానికి బలైంది, సంస్థ నిలిచింది. పారిస్‌లో జుప్పే ప్రణాళికకు జరిగిందీ అదే.

ముప్ఫై ఏళ్ల తర్వాత

2011 జనగణన నాటికి సూరత్ జనాభా 44 లక్షలు దాటింది. 2006లో నగరపాలక పరిధి 111 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెరిగింది. అదే ఏడాది ఆగస్టులో తాపి మళ్లీ ఊరిని ముంచింది. బురద 1994లోకంటే ఎక్కువే చేరింది, కానీ అప్పటిలాంటి భయమూ పారిపోవడమూ కనిపించలేదు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2020, 2021, 2022లో వరుసగా రెండో స్థానం. 2023 ర్యాంకుల్లో ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం.

రెండు విషయాల్లో మాత్రం లోటు కనిపిస్తుంది. గుజరాత్‌లో 2007 నవంబరులో ఆక్ట్రాయ్ రద్దయింది. వ్యాపారులకు ఊరట కలిగిన మాట నిజమే. నగరం తన సొంత వసూళ్ల బదులు రాష్ట్రం ఇచ్చే గ్రాంటు మీద ఆధారపడే స్థితి మొదలైంది. 1995లో కమిషనర్‌కు ఉన్న స్వేచ్ఛలో సగం ఆ పెట్టె నుంచే వచ్చింది. రెండోది, 74వ రాజ్యాంగ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటినా నగరాల్లో అధికారం ఇంకా నియమిత అధికారి దగ్గరే ఉంది. మంచి కమిషనర్ వస్తే ఊరు బాగుపడడం, రాకపోతే లేకపోవడం అన్నది ప్రజాస్వామ్యానికి గొప్ప కితాబేమీ కాదు. ఎన్నికైన మేయర్‌కు ఇంత అధికారం ఇస్తే ఆయన పలుకుబడి ఉన్నవాడి గోడ ముందుగా కూలుస్తాడా అన్న అనుమానమూ న్యాయమైనదే.

సూరత్ వీధి బాగుపడినంతగా వీధి లోపలి గది బాగుపడలేదు. మరమగ్గాల కార్మికులు చాలామంది నేటికీ 'మెస్' అని పిలిచే ఇరుకు హాళ్లలో ఉంటారు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్లిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. వారిలో ఎక్కువమంది ఓట్లు సొంత ఊళ్లలోనే ఉంటాయి కాబట్టి కార్పొరేటర్‌కు వారి లెక్క పట్టదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో ఊరు వదిలి పరిగెత్తింది ఇలాంటివారే. 2020 లాక్‌డౌన్‌లో, ఏప్రిల్ 10 రాత్రి లస్కాణా ప్రాంతంలో కార్మికులు రోడ్డెక్కి తోపుబండ్లకు నిప్పు పెట్టారు. ఆ రాత్రి వారు అడిగింది బకాయి కూలి, సొంత ఊరికి బండి.